ఆయన మనకేమవుతారు?

శివరాత్రి జాతరకు రామతీర్థంలో కాలు పెట్టే చోటుండదు. విజయనగరం నుంచి, నెల్లిమర్ల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు. ఆ రద్దీలో ఒక పెద్దావిడ మీ చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

"ఎవరి గుంటడివి బావూ? మీ అయ్య పేరేటి? మీ అమ్మ కన్నోరు ఎవరు?"

మీరు నాన్న పేరు, అమ్మ పేరు, తాతగారి ఊరు చెబుతారు. ఆవిడ కళ్ళు చిట్లించి కాస్త ఆలోచిస్తుంది. "అలగైతే మీ అమ్మ నాకు వదినవుద్ది. నాను నీకు అత్తని" అని తేల్చేస్తుంది. మీరు చేతులు జోడించి "నమస్తే ఆంటీ" అంటారు. ఆవిడ మిమ్మల్ని మేనల్లుణ్ణి చేసుకుంది. మీరు ఆవిణ్ణి ఎవరో ఒక పెద్దావిడగా వదిలేశారు.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. ఉత్తరాంధ్ర మొదటి నుంచీ వలసల సీమ. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడివాళ్ళు రంగూన్ ఓడలెక్కారు. ఖరగ్‌పూర్ రైల్వే పనుల్లో చేరి అక్కడ తెలుగు వాడలే కట్టుకున్నారు. ఇప్పుడు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై దాటి ఇంకా దూరం పోతున్నారు. ఊరికి దూరంగా పెరిగిన పిల్లలకు చుట్టాలు ఫొటోల్లో ముఖాలుగా మిగిలిపోతున్నారు. పెళ్ళికి వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడు భోజనాల దగ్గర ఎవరిని ఏమని పిలవాలో తెలియక, సెల్‌ఫోను చూసుకుంటూ మూల కుర్చీలో కూర్చోవడం మీరూ చూసే ఉంటారు. అది పొగరు కాదు, బెరుకు. తప్పు పిలుపు పిలుస్తానేమోనన్న భయంతో అసలు పిలవడమే మానేస్తాడు. పిలవని మనిషి పలకరించలేడు. పలకరించలేనివాడు మరుసటి పెళ్ళికి రావడం మానేస్తాడు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ పెద్దావిడకు వందలమంది చుట్టాల వరసలు కంఠస్థమై లేవు. ఆవిడ దగ్గర ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఒక పూటలో నేర్చుకోవచ్చు. నేర్చుకుంటే మీరు మునుపెన్నడూ చూడని మనిషిని కూడా సరైన వరసతో పిలవగలరు.

మూడు ప్రశ్నలు

వరస తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆయనది ఏ తరం? ఏ గట్టు? ఎవరికంటే పెద్ద, ఎవరికంటే చిన్న?

తరం తేలిక. నా తరం, నాన్న తరం, తాత తరం, పిల్లల తరం. ఒక్కటి గుర్తుంచుకోండి, తరానికి వయసుతో పనిలేదు. తాతగారికి లేటు వయసులో పుట్టిన కొడుకు మీకంటే రెండేళ్ళు చిన్నవాడైనా మీకు బాబాయే. మీరు ఆయన్ని 'ఒరేయ్' అన్నా అనవచ్చు, చనువును బట్టి. వరస మాత్రం బాబాయి.

అసలు కీలకం రెండో ప్రశ్నలో ఉంది. నెల్లిమర్ల పక్కన పారే చంపావతిని తలుచుకోండి. మీ తరంలో ఉన్న చుట్టాలందరూ ఆ ఏటికి ఈ గట్టునో ఆ గట్టునో ఉంటారు. ఈ గట్టున ఉన్నవాళ్ళు మీ తోబుట్టువుల వరస: అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. ఆ గట్టున ఉన్నవాళ్ళు బావ, బావమరిది, మరిది, వదిన, మరదలు. మూడో గట్టు లేదు. మన వరసల్లో ఉన్న గొప్పతనమంతా ఈ 'మూడో గట్టు లేదు' అన్న దాంట్లోనే ఉంది.

ఏరు దాటడమంటే ఏమిటి? పెళ్ళి. అన్నదమ్ముల నుంచి, అక్కచెల్లెళ్ళ నుంచి ఎంతమంది మీదుగా నడిచినా మీరు అదే గట్టున ఉంటారు. దారిలో ఒక పెళ్ళి వచ్చినప్పుడల్లా ఏరు ఒకసారి దాటినట్టు. ఒకసారి దాటితే అవతలి గట్టు, రెండోసారి దాటితే మళ్ళీ మన గట్టు.

ప్రయత్నించి చూడండి. అక్క భర్త: ఒక పెళ్ళి, కాబట్టి బావ. అక్క భర్త తమ్ముడు: మళ్ళీ ఒక్క పెళ్ళే, ఆయనా బావ వరసే. భార్య అన్న: ఒక పెళ్ళి, బావగారు. భార్య చెల్లెలి భర్త: మీ పెళ్ళి ఒకటి, ఆవిడ పెళ్ళి ఒకటి, రెండుసార్లు దాటారు, తిరిగి మన గట్టుకే చేరారు. అందుకే తోడల్లుళ్ళు ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అని పిలుచుకుంటారు. భర్త అన్న భార్యను, అంటే తోడికోడలిని, అక్కా అనడానికీ ఇదే కారణం. ఆడపడుచు భర్తను ఇంటి కోడలు 'అన్నయ్యగారూ' అంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు ఇది వింతగా ఉంటుంది, ఆడపడుచు భర్త బావ అవ్వాలి గదా అని. లెక్క కట్టమనండి: తన పెళ్ళి ఒకటి, ఆడపడుచు పెళ్ళి ఒకటి. అన్నయ్యే.

వియ్యాలవారి పిలుపులూ ఇందులోనే ఇమిడిపోతాయి. అబ్బాయి తండ్రి, అమ్మాయి తండ్రి ఒకరినొకరు బావగారూ అనుకుంటారు. ఇద్దరు తల్లులూ వదినగారూ అనుకుంటారు. అబ్బాయి తండ్రికి అమ్మాయి తల్లి మాత్రం చెల్లెమ్మ. వియ్యంకుడు అవతలి గట్టు, ఆయన భార్య అంటే ఇంకో దాటు, అంటే మన గట్టు. పెళ్ళిచూపుల్లో మాట కుదిరీ కుదరగానే పెద్దవాళ్ళు తడుముకోకుండా వరసలు మార్చేసుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. నిన్నటిదాకా పేరు కూడా తెలియని నలుగురు మనుషులు, తాంబూలాలు పుచ్చుకున్న మరుక్షణం ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసినవాళ్ళయిపోతారు.

మూడో ప్రశ్న, పెద్దా చిన్నా. ఇక్కడే కొత్తవాళ్ళు తడబడతారు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు వంటి వాళ్ళ విషయంలో మీ వయసుతోనే పోల్చాలి. పెదనాన్న కొడుకైనా మీకంటే చిన్నవాడైతే తమ్ముడే. కానీ పెళ్ళి ద్వారా వచ్చినవాళ్ళ విషయంలో, ఎవరి ద్వారా వచ్చారో ఆ మనిషి వయసు లెక్క. అన్న భార్య మీకంటే అయిదేళ్ళు చిన్నదైనా వదినే, 'గారు' ఆవిడకు చెందుతుంది. భర్త అక్క మీకంటే చిన్నదైనా వదినే. చెల్లెలి భర్తను వయసుతో నిమిత్తం లేకుండా బావా అనడం మగవాళ్ళలో మామూలే. ఇంటి అల్లుడికి ఇచ్చే గౌరవం అది.

రాముడి ఇంట్లో అభ్యాసం

లెక్క చేతికి పట్టాలంటే ఒక కుటుంబం కావాలి. మీ కుటుంబం పెద్దది, చిక్కులున్నది, సగంమంది పేర్లు తెలియవు. కనుక అందరికీ తెలిసిన కుటుంబంతో మొదలుపెడదాం. రామతీర్థంలో రాముడి గుడి ముందు నిలబడ్డవాళ్ళకు ఆ కుటుంబం వేరే చెప్పనక్కరలేదు.

దశరథుడికి నలుగురు కొడుకులు. సీత, ఊర్మిళ జనకుడి కూతుళ్ళు. మాండవి, శ్రుతకీర్తి జనకుడి తమ్ముడు కుశధ్వజుడి కూతుళ్ళు. రాముడికి సీత, లక్ష్మణుడికి ఊర్మిళ, భరతుడికి మాండవి, శత్రుఘ్నుడికి శ్రుతకీర్తి. మాండవి సీతకు బాబాయి కూతురు, కాబట్టి మన లెక్కలో చెల్లెలే. అంటే నలుగురు అన్నదమ్ములు నలుగురు అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు.

ఇప్పుడు సీత వైపు నుంచి చూడండి. ఊర్మిళ ఆవిడకు చెల్లెలు. మరిది భార్యగా చూస్తే తోడికోడలు. తోడికోడలినీ చెల్లీ అనే పిలుస్తాం. రెండు దారులూ ఒకే పిలుపు దగ్గరికి చేరాయి. లక్ష్మణుడి వైపు నుంచి చూడండి. రాముడు అన్న. భార్య అక్క భర్తగా చూస్తే తోడల్లుడు, అదీ అన్న వరసే. రాముడికి ఊర్మిళ తమ్ముడి భార్యగా మరదలు, భార్య చెల్లెలిగానూ మరదలే. లవకుశులకు లక్ష్మణుడు నాన్న తమ్ముడు, బాబాయి. అమ్మ చెల్లెలి భర్తగా చూసినా బాబాయే. లక్ష్మణుడి కొడుకు అంగదుడికి సీత నాన్న అన్న భార్యగా పెద్దమ్మ, అమ్మ అక్కగానూ పెద్దమ్మే. ఏ దారిన వెళ్ళినా వరస మారలేదు.

ఈ కుటుంబాన్ని చూశాక ఒక సంగతి బోధపడుతుంది. నాన్న అన్న భార్యను, అమ్మ అక్కను, ఎక్కడా సంబంధం లేని ఇద్దరు ఆడవాళ్ళను, మనం పెద్దమ్మ అనే ఎందుకంటాం? అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను చేసుకున్నట్టుగా మన పిలుపులన్నీ అమరి ఉన్నాయి కనుక. దశరథుడి ఇంట్లో అది నిజంగా జరిగింది. మీ ఇంట్లో జరగకపోయినా, జరిగినట్టే పిలుస్తారు. పెద్దమ్మ అన్న మాటకు ఒకే అర్థం పెట్టుకోండి: అమ్మ తర్వాత అమ్మ. ఆవిడ ఏ వైపు నుంచి వచ్చినా సరే.

ఇక శాంత సంగతి. మన ఆడవాళ్ళ రామాయణం పాటల్లో శాంత రాముడి అక్కగా, ఋష్యశృంగుడి భార్యగా, సీతకు ఆడపడుచుగా నిలుస్తుంది. వెల్చేరు నారాయణరావు ఆ పాటల మీద 1991లో వచ్చిన ప్రసిద్ధ వ్యాసంలో ఆవిడ పెద్దరికాన్ని పట్టి చూపించారు. అయితే, ఋష్యశృంగుడు రాముడికి బావ. మరి సీతకు? చాలామంది బావ అనేస్తారు. పెళ్ళిళ్ళు లెక్కపెట్టండి: సీతది ఒకటి, శాంతది ఒకటి. సీతకు ఆయన అన్నగారు. ఇది తడుముకోకుండా చెప్పగలిగితే మీకు లెక్క వచ్చేసినట్టే.

పై తరం, కింది తరం

పై తరానికి కొత్త సూత్రం అక్కర్లేదు. 'ఈయన నాకేమవుతారు' అని తల పట్టుకోకండి, 'ఈయన నాన్నకేమవుతారు' అని అడగండి. నాన్నకు అన్నదమ్ముల వరసైతే మీకు పెదనాన్న, బాబాయి. నాన్నకు బావ వరసైతే మీకు మామయ్య. నాన్నకు అక్కాచెల్లెళ్ళ వరసైన ఆవిడ మీకు అత్త. నాన్నకు వదినా మరదళ్ళ వరసైన ఆవిడ మీకు పెద్దమ్మ, పిన్ని. అమ్మ వైపు చుట్టాలకూ ఇదే చెల్లుతుంది. అమ్మ అన్న నాన్నకు బావ, అందుకే మీకు మామయ్య. అమ్మ చెల్లెలు నాన్నకు మరదలు, అందుకే మీకు పిన్ని. పిన్ని భర్త నాన్నకు తోడల్లుడు, తోడల్లుడంటే తమ్ముడి వరస, అందుకే ఆయన బాబాయి. భరతుడి మేనమామ యుధాజిత్తు కైకేయికి సోదరుడు. రాముడికి కైకేయి అమ్మ వరస కనుక యుధాజిత్తు రాముడికీ మామే. సొంత మేనమామ, వరస మేనమామ అన్న తేడా మర్యాదల్లో ఉంటుంది గానీ పిలుపులో ఉండదు.

ఇంట్లో పిలుపులకు తలో రూపం ఉంటుంది. ఒకరింట్లో పిన్ని, ఇంకొకరింట్లో చిన్నమ్మ. ఒకచోట బాబాయి, మరోచోట చిన్నాన్న. పెద్దమ్మ కొన్ని ఇళ్ళలో దొడ్డమ్మ. రాయలసీమ, తెలంగాణ చుట్టాలు కలిస్తే తోడల్లుణ్ణి షడ్డకుడు అంటారు. ఇవి మాటల తేడాలే, వరస తేడాలు కావు. అవతలివాళ్ళ ఇంట్లో ఏ మాట నడుస్తుందో విని అదే వాడండి.

కింది తరానికి వచ్చేసరికి ఒక జాగ్రత్త. మీరు మగవారైతే మీ అన్నదమ్ముల వరసవాళ్ళ పిల్లలు మీకు కొడుకులు, కూతుళ్ళు. అక్కచెల్లెళ్ళ పిల్లలు మేనల్లుడు, మేనకోడలు. ఆడవారైతే తిరగేయాలి: అక్కచెల్లెళ్ళ పిల్లలు మీ బిడ్డలు, అన్నదమ్ముల పిల్లలు మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు. అందుకే ఒకే పిల్లవాణ్ణి అన్న 'మా అబ్బాయి' అంటాడు, చెల్లెలు 'మా మేనల్లుడు' అంటుంది. ఇద్దరూ సరిగ్గానే అన్నారు. ఎవరి పిల్లలైనా మీరు వాళ్ళకు నాన్న వరసో మామ వరసో, అమ్మ వరసో అత్త వరసో ముందు తేల్చుకుంటే అవతలి పిలుపు దానంతటదే వస్తుంది.

ఈ అమరిక బయటివాళ్ళను ఎప్పుడో ఆకట్టుకుంది. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే న్యాయవాది ప్రపంచంలోని జాతుల చుట్టరికపు పేర్లు సేకరించి 1871లో ఒక బృహత్‌గ్రంథం వేశాడు. అందులో తమిళ, కన్నడ పట్టికలతో పాటు తెలుగు వరసలూ ఉన్నాయి. తన దేశంలో సెనెకా అనే ఆదివాసుల పిలుపులకూ దక్షిణ భారతంలోని పిలుపులకూ ఉన్న పోలిక చూసి ఆయన విస్తుపోయాడు. నాన్న సోదరుణ్ణి నాన్న అనడం, అమ్మ సోదరిని అమ్మ అనడం అక్కడా ఉంది. ఆ తర్వాత పరిశోధకులు లూయీ దుమోఁ, ఇరావతీ కర్వే 1953లో, థామస్ ట్రౌట్‌మన్ 1981లో ఈ లెక్కనే ఇంకా లోతుగా తవ్వారు. వాళ్ళు పుస్తకాల్లో విప్పి చెప్పినదాన్ని జాతరలో ఎదురైన పెద్దావిడ మూడు ప్రశ్నలతో తేల్చేసింది.

చిక్కుముళ్ళు

మేనరికం మనకు పాత అలవాటు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం దక్షిణాదివారి ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాల పెళ్ళిళ్ళు కూడదంటూనే, ఆచారం ఉన్నచోట చెల్లుతాయని మినహాయింపు ఇచ్చింది. మేనమామ నాన్నకు అవతలి గట్టువాడు కనుక, ఆయన కొడుకు మీకు పెళ్ళికి ముందే బావ. పెళ్ళయితే మేనమామ కాస్తా మామగారవుతాడు, మేనత్త అత్తగారవుతుంది. పిలుపు మారనక్కరలేదు. వరసలు ఈ పెళ్ళికి ముందే చోటు పెట్టుకున్నాయి.

చిక్కు వచ్చేది అక్క కూతురిని చేసుకున్నప్పుడు. ఇక్కడ రెండు తరాలు కలుస్తాయి. సొంత అక్క అత్తగారవుతుంది, బావ మామగారవుతాడు. ఆ దంపతులకు పుట్టిన బిడ్డకు ఆ అక్క అమ్మమ్మ, నాన్నకు అక్క గనుక మేనత్త కూడా. ఇలాంటి ఇంటికి చుట్టంగా వెళ్ళినప్పుడు మీ లెక్క రెండు జవాబులిస్తుంది, రెండూ తప్పు కాదు. అప్పుడు చెయ్యవలసింది సులువు. పుట్టుకతో ఉన్న పిలుపును పెద్దవాళ్ళు సాధారణంగా మార్చుకోరు, అక్కను అక్కా అనే పిలుస్తారు. కొత్తగా పుట్టిన పిల్లలకు మాత్రం ఇంటి పెద్దావిడ ఒక వరస ఖాయం చేస్తుంది. మీరూ ఆవిణ్ణే అడగండి. "మామ్మా, మేము ఈవిణ్ణి ఏమని పిలవాలి?" అని అడిగినవాణ్ణి ఎవరూ చిన్నబుచ్చరు. పైగా ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో పాటు ఆ ఇంటి కథ సగం వినవచ్చు.

ఆరోగ్యం మాట కూడా ఇక్కడే చెప్పాలి. మేనరికంలో భార్యాభర్తల జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడలు పెళ్ళిలో నాలుగో వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. ఒక లోపం ఇద్దరిలోనూ దాగి ఉండి బిడ్డలో బయటపడే అవకాశం అందువల్లే పెరుగుతుంది. వరస కుదిరింది కనుక పెళ్ళి చెయ్యాలన్న వాదన నాకు సమ్మతం కాదు. వరస ఎవరిని ఏమని పిలవాలో చెబుతుంది. ఎవరిని చేసుకోవాలో పిల్లలు తేల్చుకోవాలి, అవసరమైతే వైద్యుల సలహాతో.

అదే ఊపులో ఇంకోటి. బావామరదళ్ళ మధ్య సరసం మన పల్లెల్లో ఒక ముచ్చట. ఏటి అవతలి గట్టు కనుక అక్కడ చిలిపి మాటలకు చనువుంది. ఆ చనువు ఇద్దరిదీ అయినంతసేపే అందం. పద్నాలుగేళ్ళ పిల్లను పట్టుకుని నలుగురిలో 'మరదలు పిల్ల' అంటూ ఏడిపించి, ఆ పిల్ల ముఖం ముడుచుకుంటే 'వరసేగా' అని నవ్వేయడం తప్పు. ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోతే, ఆ మాటన్న పెద్దమనిషి తర్వాత వెళ్ళి "తప్పుగా అనుకోకమ్మా" అని చెప్పాలి.

పిలుపు వెంట వచ్చే పని

వరస తెలిస్తే మీ పని ఏమిటో కూడా తెలుస్తుంది. మేనమామ అన్న పిలుపు పెళ్ళిరోజున చేతుల్లోకి బరువై వస్తుంది: పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది ఆయనే. అంతకు చాలా ముందే ఆ పిల్ల చెవులు కుట్టించినప్పుడు ఆయన ఒళ్ళోనే కూర్చుని ఏడ్చి ఉంటుంది. సొంత మేనమామ లేకపోతే వరస మేనమామ వస్తాడు. అలా వరసైనవాళ్ళు ముందుకు రావడానికే ఇన్ని వరసలు. మేనమామ లేడని ఏ పిల్ల పెళ్ళీ ఆగలేదు.

ఆడపడుచు మాట తీసుకోండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారు అక్కడి రాజులు పూసపాటి వారి ఆడపడుచు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడిన కథ ఆవిడది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, అమ్మవారి ఉత్సవంలో సిరిమాను అనే పొడవాటి మాను కోట ముందుకు మూడుసార్లు వచ్చి వెళ్ళడాన్ని ఊరంతా ఇంటి ఆడపడుచు రాకగా చూస్తుంది. ఆడపడుచంటే మన దగ్గర అంత పెద్ద చోటు. ఇంట్లో పుట్టి వేరే ఇంటికి వెళ్ళిన మనిషికి, పుట్టింట్లో ఆవిడ అధికారం చెక్కుచెదరలేదని చెప్పే చోటు.

కొత్త జంట ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు చూడండి. ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచి నిలబడుతుంది. పేర్లు చెప్పనిదే లోపలికి పోనివ్వదు. పెళ్ళికొడుకు గబగబా చెప్పేస్తాడు. పెళ్ళికూతురు తలవంచుకుని, గొంతు పెగుల్చుకుని, ఆఖరికి "నేను, ఫలానావారు వచ్చాం, మా వదినగారు తలుపు తీయాలి" అంటుంది. ఆ ఒక్క వాక్యంలో ఆ పిల్ల భర్త పేరుతో పాటు, ఆ ఇంట్లో తనకు ఇకమీదట వదినెవరో కూడా నలుగురి ముందూ ఒప్పుకుంది. ఆడపడుచు చెయ్యి తీస్తుంది. ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, చీరో డబ్బో. ఆ కానుక ఎంతన్నది ముఖ్యం కాదు. పెట్టడం మరిచిపోతే మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఇళ్ళలో పేచీలు సగం ఇక్కడే మొదలవుతాయి: వరస తెలుసు గానీ ఆ వరసకు చెందవలసింది చెందలేదు. పెళ్ళి పనులు చేతిలో ఉన్నవారు చుట్టాల జాబితా రాసేటప్పుడే ప్రతి పేరు పక్కన వరస, ఆ వరసకు ఏ లాంఛనమో అదీ రాసుకుంటే ఇలాంటి మనస్తాపాలు చాలావరకు తప్పుతాయి.

ఊళ్ళో ఉన్నవాళ్ళు రక్తసంబంధం లేకున్నా, కులాలు వేరైనా ఒకరినొకరు వరస పెట్టే పిలుచుకుంటారు. పాలు పోసే ఆయన మామ, ఎదురింటావిడ పెద్దమ్మ, చాకిరేవు దగ్గర ముసలాయన తాత. ఒకరికి ఒక వరస పెట్టారంటే వాళ్ళ ఇల్లంతా ఆ లెక్కలోకి వస్తుంది. ఎదురింటావిడ పెద్దమ్మైతే ఆవిడ కొడుకు అన్నయ్య, కోడలు వదిన. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళూ ఇలా చెయ్యవచ్చు. పక్కింటి ముసలావిణ్ణి ఆంటీ బదులు అత్తా అని పిలిచి చూడండి. పండగరోజు గారెలు ఎవరింటి నుంచి ముందొస్తాయో మీకే తెలుస్తుంది.

కాగితం మీద పెట్టడం

చివరి పని, తప్పించుకోలేనిది: రాసిపెట్టడం. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే చెయ్యాలి.

పెళ్ళిలో పురోహితుడు ప్రవర చదువుతున్నప్పుడు చెవి పెట్టి వినండి. ముత్తాత, తాత, తండ్రి, మూడు తరాల పేర్లు రెండు వైపులా వినిపిస్తాయి. సీతారాముల కల్యాణంలోనూ అంతే. అన్నీ మగవాళ్ళ పేర్లే. మన వరసలన్నీ ఆడవాళ్ళ మీదుగా ఏరు దాటి వస్తుంటే, రికార్డులో మాత్రం వాళ్ళు కనబడరు. పెళ్ళితో ఇంటిపేరు మారిన ఆడపిల్ల రెండు తరాలు గడిచేసరికి ఫలానావారి భార్యగానో, ఫలానావారి తల్లిగానో మిగిలిపోతుంది. ఆవిడ కన్నవారెవరో తెలియకపోతే ఆ వైపు బావలు, వదినలు, మేనమామలు మొత్తం చేజారిపోతారు. అందుకే జాతరలో పెద్దావిడ మీ నాన్న పేరుతో ఆగలేదు. "మీ అమ్మ కన్నోరు ఎవరు?" అని కూడా అడిగింది.

మీరు రాసే కాగితంలో ప్రతి ఆడమనిషి పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. అమ్మమ్మది, నానమ్మది, వాళ్ళమ్మలది, దొరికినంతవరకు. ఇంటిపేరు ఒక్కటే చాలదు. ఒకే ఇంటిపేరు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పది ఊళ్ళల్లో ఉంటుంది. ఊరు తోడైతేనే మనిషి దొరుకుతుంది. అక్కచెల్లెళ్ళు ఎవరెవరిని ఏ ఊరికి ఇచ్చారో రాయండి. పిల్లల్లేక పోయినవాళ్ళను, చిన్నతనంలో పోయినవాళ్ళను కూడా వదలకండి. రంగూన్ వెళ్ళి రాని తాత పేరు, ఖరగ్‌పూర్‌లో ఉండిపోయిన బాబాయి పేరు ఉంటే వాటి పక్కన గడి ఖాళీగా వదలండి. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు ఫోను చేసి, 'మా తాతగారు మీ ఊరివారట' అంటారు. అప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఆయన పేరు కాదు, ఆయన అమ్మ కన్నవారిది ఏ ఊరని.